చెడ్డ ఫోటోలే తీయండి

ఈగ పేరు తెలియాలంటే అందమైన ఫోటో తీయకండి. ఫోటోగ్రఫీ నేర్పేవాళ్లు ఒప్పుకోరు, అయినా నా మాట ఇదే.

మిద్దె తోటలో మందార ఆకు మీద నెమలికంఠం రంగులో మెరుస్తూ, పొడుగాటి కాళ్ల మీద లేచి నిలబడే ఈగ మీకు కనబడే ఉంటుంది. డోలికోపోడిడే కుటుంబం, ప్రపంచంలో 7,000కు పైగా జాతులు. అందరూ ఆ మెరుపు కోసమే ఫోన్ తీస్తారు. మెరుపును నమ్మొద్దు, ఎండ పడే తీరు మారితే పచ్చ కాస్తా రాగి రంగవుతుంది. ఫ్లాష్ వేస్తే ఎగిరిపోతుంది, ఖాళీ ఆకు మిగులుతుంది. ఆ ఆకునూ వదలకండి. పక్కన స్కేలు పెట్టి మళ్లీ తీసి, ఈగ ఉన్న ఫోటోతో పోలిస్తే, ఈగ ఎన్ని మిల్లీమీటర్లో తేలిపోతుంది.

తీయాల్సింది రెక్క. నడిమి ఈనె రెండుగా చీలి, ఒక పాయ మోచెయ్యిలా ముందుకు వంగిందో లేదో కనబడాలి. తర్వాత తల ముందున్న మీసం. దాని మీది వెంట్రుక మీసం కొస నుంచి మొలిస్తే క్రైసోసోమా కావచ్చు, పైభాగం నుంచి మొలిస్తే కాండిలోస్టైలస్. కాళ్లు మసకబారినా, కళ్లు ఫ్రేములో పడకపోయినా ఫర్వాలేదు, ఇరవై తీయండి. ప్రజాతి దగ్గర ఆగిపోండి. జాతి తేల్చాలంటే చాలాసార్లు మగ ఈగ జననాంగాన్ని మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. తప్పు పేరు పెట్టడం కన్నా పేరు లేకుండా ఉంచడమే ఆ ఈగకు మర్యాద.

ఇంకోటి, తింటున్నప్పుడు తీయండి. బూడిదరంగులో మూడు మిల్లీమీటర్లుండే ఈగల్ని ఇంటి ఈగ పిల్లలనుకుని ఏడాదిపాటు చేత్తో కొట్టాను. రెక్కలొచ్చాక ఈగ పెరగదు, పిల్ల ఈగలనేవే ఉండవు! ఒకరోజు వంగ ఆకు మీద తీసిన మసక ఫోటోను పెద్దది చేస్తే, ముందుకాళ్ల మధ్య తెల్లదోమ. ఎగిరే తెల్లదోమను గాల్లోనే ఒడిసిపట్టే సీనోసియా అనే ఈగ అయ్యుంటుంది. ఎన్నింటిని చంపానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పసుపు జిగురు అట్టలకు తెల్లదోమలతోపాటు ఈ వేట ఈగలూ అంటుకుంటాయి. అట్ట పారేసేముందు వాటినీ ఫోటో తీయండి. ఒక్కోసారి రెక్క విప్పారి అతుక్కుని, ఈనెలన్నీ లెక్కపెట్టేంత స్పష్టంగా కనబడతాయి. నా దగ్గరున్న మంచి రెక్క ఫోటోలు అలా వచ్చినవే. ఆ ఫోటోలు చూశాకే వంగ మొక్కల దగ్గర అట్టలు కట్టడం మానేశాను.