వేలు కంపెనీది కాదు

మార్చి 4 వస్తోందంటే ఫ్యాక్టరీ గేట్లకు బ్యానర్లు కడతారు. 1966లో జాతీయ భద్రతా మండలి ఏర్పడిన రోజది. ఆ పేరు మీద ఒక వారం భద్రతకిచ్చి, మిగతా 51 వారాలు ఉత్పత్తికి ఉంచుకున్నారు. పంపకాల్లో ఎప్పుడూ పేచీ రాలేదు.

వారోత్సవాలకు ఏ లోటూ ఉండదు. జీఎం గారు చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేయిస్తారు. ఒడిశా, బిహార్ కుర్రాళ్లు ఆ తెలుగు ప్రతిజ్ఞకు భక్తిగా పెదాలు కదుపుతారు. పిల్లలకు బొమ్మల పోటీ. హెల్మెట్ పెట్టుకున్న నాన్న బొమ్మ వేసిన పాపకు స్టీలు టిఫిను డబ్బా. నాన్న హెల్మెట్ ఇంకా ఇండెంటు దశలోనే ఉంది.

అసలు ప్రతిభంతా గేటు పక్క బోర్డులో ఉంటుంది: 'ప్రమాదం లేకుండా గడిచిన రోజులు'. అంకె పెరుగుతూనే ఉండాలి. సున్నాకు దిగితే జీఎం గారి ఇంక్రిమెంటుకు ఎసరు. మరి ఎవడికైనా వేలు తెగితే? తెగినవాడు కాంట్రాక్టరు మనిషి. కాంట్రాక్టరు మనిషి కంపెనీ మనిషి కాడు. కాబట్టి ఆ వేలు కంపెనీది కాదు. ఖర్మకాలి పర్మనెంటువాడిదే తెగిందనుకోండి, కుట్లు వేయించి, మర్నాడు కారు పంపించి, టైమాఫీసులో కుర్చీ వేస్తారు. పని చెయ్యక్కర్లేదు, హాజరు పడితే చాలు. పనిదినం పోలేదు గనుక ప్రమాదమే జరగలేదు. తర్కశాస్త్రం ఇక్కడ ఇంతగా వర్ధిల్లుతోందని విశ్వవిద్యాలయాలకు తెలిసినట్టు లేదు.

ఆడిట్‌ది మరో అందం. సైరన్ ఉందా? ఉంది. టిక్కు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి లేచి, ఆర్.ఆర్. వెంకటాపురం మీద పడి, 12 మంది పోయారు. సైరన్ మోగించే ఏర్పాటు ఫ్యాక్టరీలో 36 చోట్ల ఉందని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. గేటు దగ్గరా ఉంది. ఎవరూ మోగించలేదు. ట్యాంకు వేడిని కొలిచే సాధనమూ ఉంది, అడుగున. వేడెక్కింది పైన. దానికీ టిక్కే.

అన్యాయంగా మాట్లాడకూడదు, మన దగ్గర చురుగ్గా పనిచేసే భద్రతా విభాగం ఒకటుంది. దాని పేరు ఎక్స్‌గ్రేషియా. 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది, 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ ఫ్యాక్టరీ పేలుడులో 54 మంది పోయారు. రెండు చోట్లా మనిషికి కోటి ప్రకటించారు. సిగాచీలో ఎనిమిది మంది ఆనవాళ్లయినా దొరకలేదు. కోటి మాత్రం వెంటనే దొరికింది, ప్రకటనలో.

ప్రమాదం తర్వాత ఇంత దొరుకుతున్నది ముందు ఎందుకు దొరకదో అడిగితే, 'మేనేజ్‌మెంట్ సిస్టమ్' మెరుగుపరుస్తున్నామంటారు. అంటే మరో ఫారం.

అమెరికాలో బ్రాండీవైన్ నది ఒడ్డున డ్యూపాంట్ కుటుంబం తుపాకి మందు మిల్లులు పెట్టిన పద్ధతి వేరు. యజమాని ఆ మిల్లుల పక్కనే కాపురం పెట్టాడు. కొత్త మిల్లులోకి ముందు పెద్దలు వెళ్లి స్వయంగా నడిపాకే కూలీలు అడుగు పెట్టాలి. 1818లో మిల్లు పేలితే ఆ యజమాని భార్యకూ గాయాలయ్యాయి.

ఇదే పద్ధతి ఇక్కడా పెడదామంటే మా ఊరి పరిశ్రమాధిపతి ఒకాయన సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. జూబ్లీహిల్స్ వదిలి ప్లాంటులోనే ఉంటారట. ఒకటే ఇబ్బంది: ఈశాన్యంలో సాల్వెంటు ట్యాంకు ఉండగా అక్కడ మకాం ప్రాణాలకే ముప్పని వాస్తు సిద్ధాంతి చెప్పాడట. కార్మికుల జాతకాలు ఆ సిద్ధాంతి చూడలేదు.