మందు మానిన కొత్తలో గాభరా తగ్గకుండా చూసుకోవడం ఎలా?

మందు మానేశారు. సంతోషం. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, గుండె దడదడలాడుతోంది, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతున్నారు, ఏదో జరగబోతోందని ఊరికే భయమేస్తోంది. ఈ గాభరాను తక్కువగా చూడకండి. సరిగ్గా పెంచి పోషిస్తే నెల తిరక్కుండానే మిమ్మల్ని తీసుకెళ్లి వైన్ షాపు ముందు నిలబెడుతుంది. ఈమధ్య డాక్టర్లూ కౌన్సెలర్లూ కలిసి దీన్ని తగ్గించే దారులు అడిగినవాడికల్లా చెప్పేస్తున్నారు. మన పాత పద్ధతులు కనుమరుగైపోకముందే కొన్ని కూర్చి పెడదామని ఈ ప్రయత్నం. అన్నీ అరుగుల మీదా, టీ కొట్ల దగ్గరా, చుట్టాలిళ్లలోనూ తిరుగులేనివని తేలినవే.

మొట్టమొదట, మానడమన్నది డాక్టరుకు చెప్పకుండా, ఒక్క రాత్రిలో మానెయ్యాలి. ఇరవై ఏళ్లుగా రోజూ హాఫ్ బాటిల్ లాగించిన మనిషి శనివారం రాత్రి ఒట్టేసుకుని, ఆదివారం పొద్దున గది తలుపేసుకుని పడుకోవడంలో ఉన్న మగతనం ఆసుపత్రి మంచమెక్కడంలో ఎక్కడుంటుంది? డాక్టర్లు భయపెడతారు. చివరి గ్లాసు తర్వాత ఆరు గంటలకే వణుకు, చెమట, ఆందోళన మొదలు కావచ్చంటారు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చంటారు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనబడి, ప్రాణం మీదికి వస్తుందంటారు. ఎందుకయ్యా అంటే ఒక కథ చెప్తారు. ఇన్నేళ్లూ మందు బ్రేకు నొక్కి పట్టుకుంటే, బండి ఆగిపోకుండా మెదడు యాక్సిలేటర్ మీద కాలు బిగించిందట. ఇప్పుడు బ్రేకు ఒక్కసారిగా వదిలారు, కాలు మాత్రం ఇంకా అక్కడే ఉంది. అది మెల్లగా పైకి లేచేదాకా మాత్రలిచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ పోతారట. వినడానికి బాగానే ఉంది. కానీ ఇది నమ్మితే మీ వణుకు మీ పిరికితనం కాదని ఒప్పుకోవాలి. అప్పుడిక సిగ్గుపడటానికి ఏం మిగిలింది?

మూడో రాత్రి మీరు దుప్పటి మీద లేని పురుగుల్ని దులుపుతూ కూర్చుంటే ఇంట్లోవాళ్లు ఏం చెయ్యాలో వాళ్లకు తెలుసు. 108కి ఫోన్ చేసి వీధిలో పరువు తీసుకోకూడదు. గాలి సోకిందని తేల్చి, తాయెత్తు కట్టేవాడి కోసం పక్క ఊరికి బండి పంపాలి. అతను వచ్చేసరికి తెల్లారుతుంది. ఆ లోపు ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టండి.

ఊళ్లో సూది వేసేవాడు దగ్గర్లోనే ఉంటే ఇంకా మేలు. నీరసంగా ఉందని చెప్పండి. వెంటనే దండెం మేకుకు గ్లూకోజు సీసా వేలాడదీస్తాడు. ఏళ్ల తరబడి తాగి, సరిగ్గా తినక ఉన్న ఒంట్లో బి1 విటమిన్ ఆవిరైపోయి ఉంటుందనీ, ముందు అది ఎక్కించకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చనీ పెద్దాసుపత్రుల్లో చాదస్తం. సీసాలో బుడగలు వస్తున్నాయంటే బలం వస్తున్నట్టే కదా.

తెలంగాణలో కల్లు మానినవాళ్లు అసలు డాక్టరు ఊసే ఎత్తనక్కర్లేదు. చెట్టు నుంచి దిగింది చెట్టు నుంచి దిగినట్టే ఉంటుందని గట్టిగా నమ్మండి. దుకాణపు కల్లులో అల్‌ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారని ఎక్సైజు వాళ్లు ఎన్నిసార్లు పట్టుకున్నా అవి వేరే ఊళ్లలోని దుకాణాలు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూసేసరికి ఎర్రగడ్డ ఆసుపత్రికి వణుకుతూ, మాటలు తడబడుతూ జనం వరస కట్టారు. వాళ్లకు మత్తుమాత్ర ఒక్కసారిగా ఆగిపోయిందని డాక్టర్లు గుర్తుపట్టారు. మీరు మాత్రం, 'కల్లే కదా, మందు కాదుగా' అనుకుంటూ ఉండండి. వణుకు ఎందుకొస్తోందో తెలియకపోతే గాభరా రెట్టింపవుతుంది.

పొరపాటున డాక్టరు దగ్గరికి వెళ్లారే అనుకుందాం. చీటీ మీద మొదటి రెండు రోజులు ఇన్ని మాత్రలు, తర్వాత రెండు రోజులు ఇన్ని అని మెట్లు మెట్లుగా రాసిస్తాడు. దీన్ని పాడుచెయ్యడానికి రెండు దారులున్నాయి. వణుకు కాస్త తగ్గగానే 'మాత్రలకు అలవాటు పడిపోతాను' అని మొత్తం చెత్తబుట్టలో పారెయ్యడం ఒకటి. ఇంకోటి, చీటీ అయిపోయాక కూడా తెలిసిన మెడికల్ షాపు కుర్రాడి దగ్గర అవే మాత్రలు స్ట్రిప్పులు స్ట్రిప్పులుగా కొనుక్కుని ఆర్నెల్లు మింగడం. రెండో దారిలో వెళ్తే ఒక అలవాటు పోయి ఇంకొకటి మిగులుతుంది, ఇల్లు ఖాళీగా ఉండదు.

ఇక రాత్రుళ్లు. అసలు పంట పండేది ఇక్కడే. మానిన మొదటి వారాల్లో నిద్ర చెదిరిపోతుంది. చాలామందికి అది కుదుటపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈ సంగతి ముందే తెలిస్తే మనిషి పక్కకి తిరిగి పడుకుంటాడు, కాబట్టి తెలుసుకోవద్దు. రెండింటికి మెలకువ రాగానే ఫోన్ తియ్యండి. 'గుండె దడ' అని కొట్టి పైనుంచి కిందిదాకా చదవండి. చదివేకొద్దీ మీకు లేని రోగం ఉండదు. తర్వాత అలమారలో కరోనా రోజుల నాటి పల్స్ ఆక్సీమీటరు ఉంటుంది, చెక్క పెట్టెలో, థర్మామీటరు పక్కన. బ్యాటరీలు తిప్పి వేసి వేలికి తగిలించండి. ఎర్రటి అంకెలు వెలుగుతాయి. పైన 98. బాగుంది, దాన్ని పట్టించుకోకండి. కింద 104. అదీ మనకు కావలసింది. చూస్తూ కూర్చోండి. 104 చూసిన భయానికి 109 అవుతుంది. 109 చూస్తే 116. వేలు మార్చి చూడండి. తీసి, ప్యాంటుకు తుడిచి మళ్లీ పెట్టండి. ఎడమ చేతి చూపుడు వేలికి ఒక అంకె, కుడి చేతి ఉంగరపు వేలికి ఇంకో అంకె వస్తే, ఏది నిజమన్న కొత్త చింత ఉచితంగా దొరుకుతుంది. బీపీ మిషను కూడా ఇంట్లో ఉంటే తెల్లారేదాకా మీకు తోచకపోవడమన్న మాటే ఉండదు. ఈసీజీ తీసి ఏమీ లేదన్న డాక్టరు మాట ఆ సమయంలో గుర్తు చేసుకోవడం నిషిద్ధం.

ఆ సమయంలో చెయ్యకూడనిది ఇంకొకటుంది. ఊరికే కూర్చోవడం. ఒక్కసారిగా ముంచుకొచ్చే భయం సాధారణంగా పది నిమిషాల్లోపే పతాకస్థాయికి చేరి అక్కణ్నుంచి దిగడం మొదలుపెడుతుంది. తాగాలన్న తహతహ కూడా చాలాసార్లు అరగంటలో సద్దుమణుగుతుంది. ఎవరైనా ఊపిరి నెమ్మదిగా వదులుతూ, లోపలికి తీసుకున్నదానికన్నా వదిలేది ఎక్కువసేపు ఉండేలా చూసుకుంటూ, గోడకు ఆనుకుని ఆ అరగంట గడిపేస్తే, భయం దానంతటదే పోతుందన్న రహస్యం బయటపడిపోతుంది. ఒకసారి బయటపడిందా, మళ్లీ పాత భయం రమ్మన్నా రాదు. అందుకని తొమ్మిదో నిమిషంలోనే చెప్పులు వేసుకోండి.

తిండి విషయం తొందరగా చెప్పేస్తాను. పొద్దున్న టిఫిను మానెయ్యండి, మధ్యాహ్నం ఆలస్యం చెయ్యండి, మధ్యమధ్యలో టీలు పొయ్యండి. సాయంత్రం ఆరు దాటాక తాగిన స్ట్రాంగ్ కాఫీ ప్రభావం రాత్రి పదకొండుకు కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. ఆకలి వల్ల వచ్చే వణుకునూ, కాఫీ వల్ల వచ్చే దడనూ మందు లేని వెలితిగానే లెక్కగట్టండి.

ఇంట్లోవాళ్లకూ బాధ్యతలున్నాయి. గంటకోసారి 'ఏదీ, ఓసారి ఊదండి' అని నోరు వాసన చూడాలి. అన్నం పెడుతూ, అది సగం తిన్నాక, తమ్ముడి పెళ్లిలో తాగి చేసిన రభస దగ్గర మొదలుపెట్టి తాకట్టులో పోయిన గాజుల దాకా వరసగా చదవాలి. అవన్నీ నిజాలే. ఒకనాడు కూర్చుని మాట్లాడుకోవలసినవే. అయితే చేతిలో గ్లాసు నిలవని వారంలో మాట్లాడితేనే వాటికి పూర్తి ఫలితం ఉంటుంది.

అంతకన్నా ఘనమైనది ఒకటుంది. 'తాగేవారికి తెలియకుండా మాన్పించబడును' అని గోడల మీద రాసి ఉంటుంది చూడండి, ఆ పొడి. తెప్పించి పప్పులో కలపండి. అందులో ఏముందో అమ్మేవాడూ చెప్పడు. ఒకవేళ డైసల్ఫిరాం అయితే, అది 1948 నుంచీ డాక్టర్లు వాడుతున్న మాత్రే. తాగితే ఒళ్లంతా ఎర్రబడి, వాంతులై, గుండె దడ హెచ్చి, బీపీ పడిపోయేలా చేస్తుంది. ఆపినా రెండు వారాల దాకా దాని పని ఒంట్లో ఉండవచ్చు. అందుకే రోగికి అన్నీ చెప్పి, ఒప్పించి, గుండె, కాలేయం చూసి ఇవ్వాలంటారు. చెప్పి ఇస్తే మజా ఏముంది? చెప్పకుండా పెడితే, ఎక్కడో స్నేహితుడి దగ్గర ఒక్క గుక్క వేసిన మనిషి నడిరోడ్డు మీద కూలబడతాడు. బతికి బట్టకడితే ఇక జన్మలో మీ చేతి వంట నమ్మడు.

ఆడవాళ్లకు ఇక్కడ సలహాలేమీ రాయలేదు. మన ఇళ్లలో ఆడవాళ్లు తాగరు కాబట్టి, తాగేవాళ్లు చెప్పుకోరు కాబట్టి, వాళ్ల గాభరా సంగతి కుటుంబమంతా కలిసి తలుపులు మూసి చూసుకుంటోంది.

కార్తీకం వచ్చిందంటే మాల వేయించండి. 41 రోజుల దీక్ష, చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, పొద్దునా సాయంత్రం పూజ, చుట్టూ పదిమంది స్వాములు. పలకరించేవాడల్లా 'స్వామీ' అంటాడు, తాగుబోతని ఒక్కడూ అనడు. నిజానికి గాభరాను ఇంత గట్టిగా అణచేది ఇంకోటి లేదేమో అనిపిస్తుంది. కంగారు పడకండి, కిటుకు చివర్లో ఉంది. 42వ రోజు కోసం ఏ ఏర్పాటూ చెయ్యకూడదు. ఆ పొద్దుటి పూజ వేళకు ఏం చెయ్యాలో, ఆ పదిమందిని మళ్లీ ఎక్కడ కలవాలో ఆలోచించకూడదు. కొండ దిగి, మాల తీసిన రాత్రే బావమరిది ఫోన్ చేస్తాడు.

స్నేహితుల విషయంలో ఒక చెడ్డ ఉదాహరణ చెప్తాను, ఇలా చెయ్యకండి. 1935 మే నెలలో అమెరికాలో, అక్రన్ అనే ఊళ్లో, బిల్ విల్సన్ అని ఒక స్టాక్ బ్రోకరు. మందు మాని నెలలే అయింది. వచ్చిన వ్యాపారం బెడిసికొట్టి హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. పక్కనే బారు, లోపల్నుంచి నవ్వులు. శుభ్రంగా లోపలికి వెళ్లక, ఫోన్ దగ్గరికి నడిచి, ఆ ఊరి చర్చి వాళ్లకు ఫోన్ చేసి, నాలాంటి తాగుబోతు ఇంకొకడు కావాలి, మాట్లాడాలి అన్నాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్. ఆ ఇద్దరి కబుర్ల నుంచే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టి, చివరికి మన ఊళ్ల దాకా వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఒకరి భయం ఒకరు వింటారు, టీ తాగుతారు, ఇంటిపేరు అడగరు. అక్కడికి వెళ్తే మీ వణుకు మీ ఒక్కడిదే కాదని తెలిసిపోతుంది. మీకెందుకు? మీరు పాత కంపెనీలోనే కూర్చోండి. 'నేను తాగను, కూల్ డ్రింక్ తాగుతూ కబుర్లు చెప్తాను' అనండి. పల్లీలు, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మకాయ బద్దలు మీ ముందుకే జరుపుతారు. 'ఏం బావా, మానేశావంట! ఎన్నాళ్లులే' అన్నవాడి మాటకు నవ్వండి. గ్లాసులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఎవరిది ఏదో కాసేపటికి ఎవరికీ గుర్తుండదు.

అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ఆపుకోండి. 2022 అక్టోబర్ నుంచి ప్రభుత్వం టెలీ మానస్ అని 14416 నంబరు పెట్టింది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు, పేరు చెప్పనక్కర్లేదంటే ఊరుకుంటారు. నంబరు చిన్నది, తేలిగ్గా గుర్తుండిపోయే ప్రమాదం ఉంది. ఫోన్‌లో సేవ్ చేసుకోకండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక ఒకరోజు తాగేస్తారు. అప్పుడు కంగారుపడి మర్నాడే మళ్లీ మానెయ్యకండి. ఒక్క గ్లాసుతో ఆగిపోయినవాడు తిరిగి డాక్టరు దగ్గరికి పోయి, ఎక్కడ కాలు జారిందో చెప్పి, మందులు సరిచేయించుకుని దారిలో పడిపోయే అవకాశం ఉంది. కాబట్టి 'ఎలాగూ చెడింది' అని సీసా పూర్తి చెయ్యండి. ఎవరికీ చెప్పకండి. తర్వాత తీరిగ్గా క్యాలెండరు తియ్యండి. మానాలంటే జనవరి 1 ఉంది, అది దాటితే ఉగాది ఉంది, మీ పుట్టినరోజు ఉంది, పిల్లాడి పరీక్షలయ్యాక ఉంది. అంతేగానీ మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకు లేచి డాక్టరు దగ్గరికి బయల్దేరతారా ఎవరైనా? రాహుకాలం.