హెచ్.264కు బహిరంగ లేఖ

హెచ్.264,

ఎక్స్‌పోర్ట్ విండో తెరిస్తే చాలు, ముందు వరసలో నువ్వే ఉంటావు. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా పెళ్లి వీడియోలతో చెయ్యి తిరిగిన కుర్రాళ్లు డాక్యుమెంటరీ పూర్తి చేసినా అలవాటుకొద్దీ నిన్నే నొక్కుతారు. తక్కువ డేటాలో మంచి బొమ్మ పంపడానికే 2003లో నిన్ను వీడియో కుదింపు ప్రమాణంగా ఖాయం చేశారు. ఫోనుకు నువ్వు బాగా సరిపోతావంటే ఒప్పుకుంటాను. టేపుకెళ్లే దారిలో నీకేం పని?

తప్పెటగుళ్ల ఆట మీద తీసిన చిత్రాన్ని ఒక ఛానల్ డిజిటల్ బీటాకామ్ టేపు మీద అడిగింది. స్టూడియోలో నీలో కుక్కిన ఫైలు నుంచే టేపు చేసి, రాత్రి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో పంపించారు. టేపు తిరిగొచ్చింది. మానిటర్ మీద వేసి చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఎద మీద కట్టిన రేకు తప్పెట మీద కళాకారుడి వేళ్లు ఎంత జోరుగా ఆడతాయో మా వైపు పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ వేళ్లు ముందుకెళ్లి, వెనక్కొచ్చి, మళ్లీ ముందుకెళ్తున్నాయి. గంతు వేసిన చోటల్లా గళ్లు. ఎర్రబట్ట రంగు అంచు దాటి పాకింది.

కారణాలు వెతికితే అన్నీ నీ దగ్గరే తేలాయి. పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేముకు రెండు ఫీల్డులు. కొన్ని ఫైళ్లలో కింది ఫీల్డు ముందు, బీటాకామ్‌కు వెళ్లే సిగ్నల్‌లో పైది ముందు. నీ ప్రీసెట్ ఆ వరస తారుమారు చేసింది. 4:2:2లో తీసిన రంగును 4:2:0 చేసి సగం మింగేశావు. పైగా చాలా ఫ్రేముల్ని పూర్తిగా దాచవు, పక్క ఫ్రేములతో తేడాలే రాసుకుంటావు. బిట్‌రేటు చాలకపోతే ఆ గళ్లు అందుకే.

అసలు టేపు రికార్డు చేసే డెక్కుకు కోడెక్కే అక్కర్లేదు! ఎస్‌డీఐ కేబుల్‌లో కుదించని సిగ్నల్ ఇస్తే డిజిటల్ బీటాకామ్ తన కుదింపు తానే చేసుకుంటుంది, అదీ సుమారు సగానికే. టైమ్‌లైన్ నుంచి నేరుగా డెక్కుకు పంపి మళ్లీ రికార్డు చేస్తే వేళ్లు కుదురుకున్నాయి, ఎరుపు తన హద్దులో నిలిచింది. ఫైలే కావాలంటే 10 బిట్ 4:2:2 అన్‌కంప్రెస్డ్ ఉంది, ఫ్రేము దేనికదే దాచే ప్రోరెస్ 422 హెచ్‌క్యూ ఉంది. అన్‌కంప్రెస్డ్ అయితే నిమిషానికి 1.6 జీబీ దాటుతుంది, అరగంటకు దాదాపు 50 జీబీ. ఆ సైజు చూసే కుర్రాళ్లు బెదిరి నీ దగ్గరికొస్తారు. ఒక హార్డ్ డిస్కు కొనొచ్చు. ఆ చిత్రంలో వయసు మీదపడిన గురువు ఆడిన ఆట మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు టేపులు అడిగేవాళ్లు దాదాపు లేరు, ఫైళ్లే అడుగుతున్నారు. 1080ఐ 50 అని రాసి పంపినా ఫీల్డుల వరస చూసుకోక తప్పదు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవాన్ని చిత్రీకరిస్తాం. మాస్టర్ ఫైలు భద్రమై, ఛానల్‌కు చేరాక ఊరివాళ్ల ఫోన్లకు కాపీ చెయ్యాలి. అప్పుడు నిన్ను పిలుస్తాం, అప్పుడు రా.

ఇట్లు
విజయనగరం నుంచి ఒక ఎడిటర్