చతుశ్చక్ర నడకబండి శాస్త్రం

ఏ శాస్త్రమైనా మొదలుపెట్టే ముందు అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే నాలుగూ తేల్చుకోవాలని మన పండితుల నియమం. మడతపెట్టే చక్రాల వాకర్ దగ్గరికొచ్చేసరికి చిక్కంతా మొదటి అంశంలోనే. అధికారి ఎవరు? డబ్బు కట్టేవాడు డాలస్‌లో ఉన్న కొడుకు. రంగు ఎంచేది కోడలు. పిడుల ఎత్తు సరిచేసేవాడు పెట్టె విప్పిన మేనల్లుడు, అదీ తన ఎత్తుకు. తోయాల్సిన తాతగారిని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగరు. కర్త ఒకరు, భోక్త మరొకరు. అందుచేత ప్రథమ సూత్రం: తోసేవారే అధికారి. తక్కినవాళ్లంతా వ్యాఖ్యాతలు, అడిగితేనే నోరు విప్పాలి.

కర్తా భోక్తా ఒక్కరే అయిన ఘట్టం ఈ శాస్త్ర చరిత్రలో ఒకటుంది. స్వీడన్‌కు చెందిన ఐనా వీఫాల్క్‌కు యౌవనంలో పోలియో సోకి నడక దెబ్బతింది. 1978లో ఆమె తన అవసరం కొద్దీ ఈ నాలుగు చక్రాల వాకర్‌ను రూపొందించింది. పేటెంటు కూడా పుచ్చుకోలేదు. మన ఋషులూ పుచ్చుకోలేదు కనుక ఆవిడను ఆ వరసలో చేర్చడానికి అభ్యంతరం ఉండకూడదు.

ఇక భేదాలు. చక్రాల్లేనిది, ముందు రెండు చక్రాలున్నది, నాలుగూ ఉన్నది అని వాకర్లు ముఖ్యంగా మూడు తెగలు. ఇక్కడ హాస్యం కాసేపు పక్కన పెట్టాలి. చేతుల మీద బరువంతా మోపి నిలబడేవారికి నాలుగు చక్రాలది పనికిరాదు, ముందుకు జారిపోతుంది. సొంతంగా నిలబడగలిగి, నాలుగడుగులకే అలసిపోయేవారికీ, కొంచెం తూలేవారికీ అది చెల్లుతుంది. ఎవరు ఏ తెగవారో ఫిజియోథెరపిస్టు చెప్పాలి, వాట్సాప్ గ్రూపు కాదు.

ఎత్తుకు ప్రమాణం మణికట్టు. చెప్పులు తొడుక్కుని నిటారుగా నిలబడి, చేతులు వేలాడేస్తే మణికట్టు మడత ఎక్కడుంటుందో పిడి అక్కడుండాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి 15 నుంచి 30 డిగ్రీలు వంగుతుంది. పిడి అంతకన్నా కిందుంటే నడుం వంగుతుంది, పైనుంటే భుజాలు చెవులను పలకరిస్తాయి.

చక్రాల మీద రెండు వాదాలున్నాయి. ఆరంగుళాల చక్రం ఇంట్లో మలుపులకు హాయి. ఎనిమిదీ పదీ అంగుళాలవి వీధిలో గులకరాళ్లనూ మ్యాన్‌హోల్ మూతల అంచులనూ దాటగలవు. అయితే ఈ రెండు వాదాలనూ ఒక్క దెబ్బతో ఖండించగల మహావాది తెలుగింట్లోనే ఉంది: గడప. రెండంగుళాల గడప ముందు చిన్న చక్రమూ ఆగుతుంది, పెద్ద చక్రమూ ఆగుతుంది. 'తీసేయండి' అని సివిల్ ఇంజినీరింగ్ చదివిన అల్లుడి పూర్వపక్షం. 'గడప తీస్తే లక్ష్మి నిలవదు' అని నాయనమ్మ ఖండనం. గడపనూ లక్ష్మినీ కదపకుండా రెండు వైపులా వాలు చెక్కలు వేయమని సమన్వయవాదుల సిద్ధాంతం. ఇక్కడే గణితం కాలు పెడుతుంది. ఒక అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవున వాలు ఉండాలని ప్రమాణం. రెండంగుళాల గడపకు అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. హాల్లో సోఫా ఉంటుందా, వాలు చెక్క ఉంటుందా అన్నది ప్రస్తుతానికి అనిర్వచనీయం.

మడత గురించి ప్రయాణం చేసేవారే మాట్లాడాలి. ముందుకూ వెనక్కూ మడిచే రకం పలచబడుతుంది కానీ వెడల్పు తగ్గదు. పక్కలు దగ్గరికొచ్చే రకం, సీటు మధ్య పట్టీ లాగితే, మూసిన గొడుగులా సన్నబడుతుంది. చాలావాటిలో అది మడిచాక కూడా తనంతట తాను నిలబడుతుంది. డిక్కీలో పడుతుందని ప్రకటనలో రాస్తారు. సీఎన్జీ ట్యాక్సీ డిక్కీలో సిలిండర్ పడుకుని ఉంటుందని మాత్రం రాయరు. కాబట్టి ముందు సీటులో పడుతుందా అని కొలుచుకోవాలి. రైలు ఎక్కేటప్పుడు తాతగారిని ఒక చేత్తో, బండిని ఇంకో చేత్తో పట్టుకునేది సాధారణంగా ఒక్క మనిషే గనక బరువు ముఖ్యం. అల్యూమినియంది ఆరేడు కిలోలు, ఉక్కుది ఇంకా పైన. కార్బన్ ఫైబరుది తేలిక, ధర మాత్రం డాలస్ కొడుక్కి కూడా బరువే.

ఆసన ప్రకరణంలో ఒకటే విధి, ఒకటే నిషేధం. విధి: బ్రేకు మీటలను కిందికి నొక్కి బిగించి, పిక్కలకు సీటు తగిలేదాకా వెనక్కి జరిగి, అప్పుడు కూర్చోవాలి. నిషేధం: కూర్చున్నవారిని అలాగే తోసుకుపోకూడదు, అది చక్రాల కుర్చీ కాదు. ఎక్కి ఊరేగాలనుకునే మనవడికీ ఇదే వర్తిస్తుంది. రైతుబజారు సంచులు పిడులకు తగిలించడం మహాపాతకం, బండి వెనక్కి ఒరుగుతుంది. బుట్ట సీటు కిందే ఉంది. అందులో బీపీ మాత్రలు, కళ్లజోడు, సొరకాయ సుఖంగా పడతాయి.

అంతా సరిచూసి, కొని, ఇంటికి తెచ్చాక తెలిసే సంగతి ఒకటుంది. బండి వెడల్పు 25 అంగుళాలు, బాత్రూం గుమ్మం 24. మణికట్టు కొలిచారు, డిక్కీ కొలిచారు, ఇది ఎవరూ కొలవలేదు. అందుకే ఈ శాస్త్రాన్ని తలకిందులుగా చదవాలి: ముందు టేపు, తర్వాత వడ్రంగి, ఆ తర్వాత దుకాణం. వడ్రంగిని శుక్రవారం పిలవకండి. ఆ రోజు గడపకు పసుపు రాసి ఉంటుంది, నాయనమ్మ చెయ్యి పెట్టనివ్వదు.