ప్రీ లేని ఇల్లూ ఒక ఇల్లేనా?

బహదూర్‌పురాలో రెండు గదుల పోర్షన్లో ఉంటూ మంచి సౌండు కోరుకునేవారికి మొదటి సలహా: ఉన్న యాంప్లిఫయర్‌ని వెనక్కి తిప్పి చూడకండి. కొన్ని పాత సెట్లకి వెనక ‘ప్రీ అవుట్’, ‘మెయిన్ ఇన్’ అని సాకెట్లుంటాయి. వాటిని కలుపుతూ యూ ఆకారంలో రెండు చిన్న లోహపు ముక్కలు. ప్రీయాంప్లిఫయర్ ఆ డబ్బాలోనే ఉందనీ, పవర్ భాగానికి ఆ ముక్కల మీదుగానే సిగ్నల్ పోతోందనీ ఒకసారి తెలిశాక వేరే ప్రీ కొనే ఉత్సాహం ఎక్కడ మిగులుతుంది? పొరపాటున చూసేశారా, ఆ ముక్కలు పీకి పారేయండి. సెట్టు మూగబోతుంది. ఇంట్లోవాళ్లని పిలిచి ‘చెప్పానా, ప్రీ లేందే పలకదు’ అనండి.

ఇక కొనడం. కోఠీ గుజరాతీ గల్లీకి పోవద్దు. అక్కడ కౌంటరు మీద కూర్చున్నాయన ముందుగా ‘ఏం వింటారు, దేన్నుంచి వింటారు?’ అని అడిగినా అడుగుతాడు. జవాబు చెప్పారంటే సగం బేరం పోయినట్టే. గురువారం పురానాపూల్ దాటి జుమేరాత్ బజారుకి వెళ్లండి. పట్టా మీద మిక్సీ జార్ల మధ్య, మూత లేని ఇస్త్రీపెట్టె పక్కన మీ ప్రీ కనబడుతుంది. నాబ్ తిప్పితే గరగరమంటుంది. లోపలి కార్బన్ పట్టీ అరిగిందనో, దుమ్ము పట్టిందనో ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ‘పనిచేస్తదా భాయ్?’ అని మాత్రం అడగొద్దు. ఖర్మకాలి ప్లగ్గు పెట్టి చూపించగలడు.

లెక్కలొచ్చిన పిల్లల్ని సెట్టున్న గదిలోకి రానివ్వకండి. సీడీ ప్లేయర్ దాదాపు 2 వోల్టులిస్తుంది. మామూలు పవర్ యాంప్ దాన్ని 20 రెట్లు చేస్తుంది. అంటే 40 వోల్టులు, 8 ఓముల స్పీకర్ మీద 200 వాట్లు. మీది 50 వాట్లదే అయితే 1 వోల్టుకే దాని సత్తా అంతా బయటపడుతుంది. వచ్చేదాన్ని తగ్గించుకోవాలే తప్ప పెంచాల్సిన పనే లేదు, అందుకు ఒక వాల్యూమ్ కంట్రోలు, రెండు మూడు ప్లేయర్లుంటే ఒక సెలెక్టర్ స్విచ్చు చాలు అని ఆ పిల్లవాడు అనేలోపే వాణ్ణి పాల ప్యాకెట్టుకి పంపేయండి. వాడొచ్చేసరికి మధ్యలో పదింతలు పెంచే ప్రీ కూర్చుని ఉండాలి. నాబ్ కొంచెం కదిపితే గోడలు అదురుతాయి, ఇంకొంచెం కదిపితే పై పోర్షన్ ఆంటీ మెట్లు దిగి వస్తారు. మిగతా ముప్పావు తిరుగుడు ఎన్నటికీ వాడరు. అయితేనేం, దానికీ డబ్బులిచ్చారు, అది మీదే.

కొనేముందు కాగితం మీద సిగ్నల్‌కీ రొదకీ తేడా 110 డెసిబెల్స్ ఉందో లేదో చూసుకోండి, తక్కువైతే ఒప్పుకోకండి. తర్వాత జూపార్కు రోడ్డు వైపు కిటికీ తెరిచి కూర్చుని వినండి. 2022లో ఫ్లైఓవర్ వచ్చాక కొన్ని బండ్లు పైనుంచి పోతున్నాయి. హారన్లు మాత్రం కిందికి కూడా వినబడతాయి.

నిజంగా ప్రీ కావలసిన చోటు ఒకటుంది, రికార్డు ప్లేయర్. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జి ఇచ్చేది 5 మిల్లీవోల్టుల లోపు. పైగా రికార్డు చెక్కేటప్పుడే బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు. 1954 నుంచి దానికి ఆర్‌ఐఏఏ అనే ఒకే లెక్క ఉంది. ఆ తగ్గించినదాన్ని పెంచి, పెంచినదాన్ని తగ్గించేది ఫోనో ప్రీ. కాబట్టి అక్కడ మాత్రం పెట్టకండి. నేరుగా ఆక్స్‌లో గుచ్చండి, ఘంటసాల జలుబు చేసి పక్కవీధిలోంచి పాడుతున్నట్టుంటుంది. అది నచ్చకపోతే ఫోనో ప్రీ కొని, దాని వైరు మళ్లీ యాంప్ ఫోనో సాకెట్లోనే పెట్టండి. సరిదిద్దినదాన్ని ఇంకోసారి సరిదిద్దుతుంది. మృదంగం ఉబ్బిపోతుంది, తాళం అణిగిపోతుంది, గొంతు బర్రుమంటుంది. ఎవరైనా ముఖం చిట్లిస్తే ‘అనలాగ్ వెచ్చదనం’ అనండి.

ఆన్ చేసేటప్పుడు పవర్ యాంప్ ముందు, ప్రీ తర్వాత. తెలిసినవాళ్లు తిరగేసి చేస్తారు, వాళ్ల స్పీకర్లు ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటాయి. మీ పద్ధతిలో ‘ధబ్’మని ఒక దెబ్బ తగిలి, వూఫర్ బతికే ఉందని రోజూ నమ్మకం కుదురుతుంది. కరెంటు పోయినప్పుడు కూడా స్విచ్చులు కట్టకండి, నాబ్ తగ్గించకండి. కరెంటొచ్చిన సంగతి గల్లీ అంతటికీ ఒకేసారి తెలుస్తుంది.

రెండు డబ్బాలు, రెండు ప్లగ్గులు, మధ్యలో వైర్లు అనేసరికి హమ్మింగ్ రావడం మామూలే. ఎర్త్ పిన్ను విరిచేయమని ఎవరో చెబుతారు. ఆ పని నేను కూడా చెప్పను, ప్రాణం పోతుంది. రెండు ప్లగ్గులూ ఒకే బోర్డులో పెడితే తగ్గే అవకాశముంది గనక, వేర్వేరు గదుల్లో పెట్టి, వేలు లావు వైరు కొనుక్కోండి.

ఇంత చేశాక ‘ప్రీ తీసేసి ఒకసారి విందామా?’ అనే చుట్టం ఒకరు తగులుతారు. తప్పించుకోలేరు, పెట్టి చూపించండి. ప్రీ ఉన్నప్పుడు వాల్యూమ్ ఒక్క గీత ఎక్కువ ఉంచండి. కాస్త పెద్దగా వినబడిందే బాగున్నట్టు చెవికి తోస్తుంది. ఆయన మీటరు తెచ్చి రెండింటి మోతా సమానంగా ఉండాలని పట్టుబడితే, భోజనానికి వేళయిందని చెప్పి స్విచ్చు కట్టేయండి.