నానా తంటాల బోర్డు

ఫౌజులో చేరబోయే కుర్రాణ్ని అక్కడి డాక్టర్లు సంతలో కోడెదూడను చూసినట్టు చూస్తారు. నోరు తెరిపించి పళ్లకు మార్కులేస్తారు. కనీసం 14 రావాలి. ఊపిరి పీలిస్తే ఛాతీ 5 సెంటీమీటర్లు పొంగాలి. నిలబడితే మోకాళ్లు రాసుకోకూడదు, అరికాలు చదునుగా ఉండకూడదు. ఇంత గాలించినా లోపం దొరకనివాడికే 'ఫిట్' ముద్ర.

అదే మనిషి ఇరవై ఏళ్ల తర్వాత బీపీతోనో షుగరుతోనో ఇంటిదారి పట్టేటప్పుడు రిలీజ్ మెడికల్ బోర్డు కూర్చుంటుంది. ఆ పూట వైద్యశాస్త్రానికి దివ్యదృష్టి వస్తుంది. జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు అని రాసేస్తారు. ఈ మాటకు ఇంగ్లిషు పొడి అక్షరాలు కలిపితే 'నానా' అవుతుంది. వెనకాల వచ్చేవి ఏమిటో తెలుగు జవానుకు విడమరిచి చెప్పనక్కర్లేదు, తంటాలే. ఆ మాట పడితే వైకల్య పింఛను లేనట్టే మరి.

జబ్బు 'పీస్ స్టేషన్'లో మొదలైందంటే మరీ చులకన. శాంతిగా ఉన్నచోట బీపీ ఏమిటండీ? తెల్లారకముందు పీటీ, రాత్రి గార్డు డ్యూటీ, చెల్లెలి పెళ్లికి దొరకని సెలవు... ఇవన్నీ శాంతి ఖాతాలోవే కాబోలు.

ధరమ్‌వీర్ సింగ్ 1985లో సిగ్నల్స్ దళంలో సిపాయిగా చేరాడు. 1994లో మూర్ఛ వ్యాధి, 20 శాతం వైకల్యం అని రాసి ఇంటికి పంపారు. పింఛను లేదు. ఎందుకంటే అది 'కాన్‌స్టిట్యూషనల్ డిజార్డర్'. రాజ్యాంగానికి ఏమైందోనని కంగారుపడకండి, అతని ఒంటి తీరే అంత అని దాని భావం. హైకోర్టు సింగిల్ జడ్జి ఇచ్చిన ఊరటను డివిజన్ బెంచ్ కొట్టేసింది. చివరికి 2013 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది: చేర్చుకున్నప్పుడు రికార్డులో లేని జబ్బు సర్వీసులోనే వచ్చిందనుకోవాలి. కాదంటే ఎందుకు కాదో బోర్డే కారణం రాయాలి. నిరూపించే భారం జవానుది కాదు. తొమ్మిదేళ్లు కొలువు చేసినవాడికి ఈ నాలుగు ముక్కలు వినడానికి పందొమ్మిదేళ్లు పట్టింది.

మరుసటేడు రామ్ అవతార్ కేసులో, గడువు పూర్తిచేసి రిటైరైనవారికీ 20 శాతం వైకల్యాన్ని పింఛను కోసం 50గా లెక్కగట్టాలని అదే కోర్టు చెప్పింది. ఇన్ని తీర్పులున్నా ఎవరి అప్పీలు వారిదే, ఎవరి వకీలు వారిదే. సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో మన రెండు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచి కిందికి వస్తాయి.

కాబట్టి ఫౌజు నుంచి వచ్చేస్తున్న అన్నలూ, ట్రంకుపెట్టెతోపాటు బోర్డు ప్రొసీడింగ్స్ నకలు కూడా తెచ్చుకోండి. 'నానా' పక్కన కారణం రాయాల్సిన చోటు ఖాళీగా ఉంటే, అప్పీలు అక్కణ్నుంచే మొదలుపెట్టండి.