కడుపులో తిప్పుతోంది: టీకా తాత్పర్య సహితం

మూలం: "నాన్నా, కడుపులో తిప్పుతోంది, కారు ఆపు."

సందర్భం: దర్శనం ముగించుకొని తిరుమల కొండ దిగుతున్న కారులో, తండ్రి సీటు వెనక కూర్చొని, ఒళ్ళో ఫోను పెట్టుకొని ఆడుకుంటున్న ఎనిమిదేళ్ళ బాలుడు పలికిన వాక్యం.

ప్రతిపదార్థం: నాన్నా = స్టీరింగు పట్టిన ఓ తండ్రీ; కడుపులో = ఉదరమునందు; తిప్పుతోంది = సుడి తిరుగునట్లు చేయుచున్నది; కారు = అద్దాలెత్తి ఏసీ వేసిన శకటమును; ఆపు = ఇప్పుడే నిలుపుము.

విశేషాలు: ఈ వాక్యంలో చిక్కంతా క్రియాపదం దగ్గరే ఉంది. 'తిరుగు' అకర్మకం, 'తిప్పు' సకర్మకం. కళ్ళు తిరుగుతాయి, తల తిరుగుతుంది; తిప్పడానికి మాత్రం తిప్పేవాడు ఒకడుండాలి. బాలుడు ఆ కర్తను చెప్పలేదు, అతనికి తెలియదు కనుక. చెప్పని కర్తను అధ్యాహారం చేసుకోవడం వ్యాఖ్యాతల హక్కే. వెనక సీటులోని అమ్మమ్మగారు ఆ హక్కును క్షణంలో వాడుకొని, "వద్దంటే వినకుండా మూడు ఇడ్లీలు మింగాడు" అని ఇడ్లీని కర్తగా నిలబెడతారు. మూలంలో లేనిది రాయనని ప్రతిన పట్టిన మల్లినాథసూరి ఆ కారులో ఉంటే ఒప్పుకొనేవాడు కాడు. ఇడ్లీ మూలంలో లేదు. ఉన్నది 'కడుపులో' మాత్రమే. బడిపుస్తకాల పట్టిక 'లో'ను షష్ఠిలో వేసినా ఇక్కడ దాని అర్థం అధికరణం. అంటే తిప్పుడు జరుగుతున్న చోటు. పెద్దలు దాన్ని 'కడుపు వలన' అని పంచమిగా చదువుకుంటున్నారు. తగువు జరిగిన ఇంటినే తగువుకు కారణమనడం లాంటిదిది.

మరి కర్త ఎవరు? ముందు దారిని చూడాలి. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డులో ముప్ఫై ఆరు హెయిర్‌పిన్ మలుపులున్నాయి; 1974లో రెండోది వచ్చాక ఎక్కడానికి అదీ, దిగడానికి పాతదీ వాడుతున్నారు. తర్వాత ఆ మలుపులను పసిగట్టే చెవిని చూడాలి. దాని లోపల మూడు అర్ధవలయ నాళాలు, వాటిలో ద్రవం ఉంటాయి. తల తిరిగినప్పుడల్లా ఆ ద్రవం ఒక్క క్షణం వెనకబడుతుంది. ఆ వెనకబాటే 'తిరుగుతున్నాం' అని మెదడుకు అందే కబురు. కళ్ళేమో ఫోను తెరకు అతుక్కొని 'ఎక్కడికీ కదల్లేదు, కూర్చునే ఉన్నాం' అంటాయి. రెండు సాక్ష్యాలు పొసగవు. ఆ పొసగనితనమే వాక్యంలో లోపించిన కర్త. స్టీరింగు పట్టినవాడికి కన్ను మలుపును ముందే చెబుతుంది, చేయి తిప్పుతుంది, చెవి సరేనంటుంది. తండ్రి తిన్నదీ అదే హోటల్లో, అదే ఇడ్లీ. అతనికేమీ కాలేదు.

ఇక్కడ పూర్వపక్షం: చెవికీ కంటికీ తగాదా అయితే శిక్ష కడుపుకెందుకు? ప్రశ్న బలమైనదే. 1977లో ట్రైస్‌మన్ అనే శాస్త్రవేత్త దీనికొక ఊహ చెప్పాడు: కన్నూ చెవీ పొసగకపోవడం ఒకప్పుడు విషం తిన్నప్పుడు కనబడే లక్షణం, అందుకే శరీరం విషమనుకొని కడుపు ఖాళీ చేయిస్తుంది. ఇది ఊహే, అందరూ ఒప్పుకున్నది కాదు. చెవి పాత్రకు మాత్రం అంతకంటే పాత సాక్ష్యముంది. చెవిటి మూగవారిలో చాలామందికి గిరగిర తిప్పినా కళ్ళు తిరగవని, కొందరికి ఓడ ప్రయాణంలోనూ వికారం రాదని విలియం జేమ్స్ 1882లోనే రాశాడు. వాళ్ళకూ కడుపులున్నాయి, వాళ్ళూ తినే ఓడెక్కారు. అమ్మమ్మగారు ఇంతటితో ఊరుకోరు: "మరి బయటికొచ్చింది ఇడ్లీయే కదా!" నిజమే. కుండకు మట్టి మోసుకొచ్చిన గాడిదను తార్కికులు కారణాల్లో లెక్కపెట్టరు. అన్యథాసిద్ధమని పక్కన కట్టేస్తారు. ఇడ్లీ ఆ గాడిద. నూనె ఓడే పూరీలు, పెట్రోలు వాసన, ఏసీ దగ్గర వేలాడే మల్లె సెంటు డబ్బీ వికారాన్ని పెంచుతాయని మాత్రం ఒప్పుకోవాలి. నిమ్మకాయ వాసన చూపించే అమ్మమ్మగారి చేతిని కూడా ఎవరూ అడ్డుకోనక్కర్లేదు.

మిగిలింది 'ఆపు'. దీనికి తండ్రి చెప్పే భాష్యం "ఇంకొక్క మలుపు, అంతే". ముప్ఫై ఆరింటిలో ఏ ఒక్కటి అన్నది ఆ భాష్యంలో ఉండదు. ఘాట్‌లో ఎక్కడబడితే అక్కడ ఆపకూడదన్నది సరైన అభ్యంతరమే, ఆలస్యమవుతుందన్నది కాదు. మరీ త్వరగా కొండ దిగిన బండికి జరిమానా వేసే నియమం ఆ రోడ్డుకే ఉంది. అయిదు నిమిషాలు ఆగితే పోయేదేమీ లేదు. తిరుమలలో ప్లాస్టిక్ నిషేధం కనుక అత్యవసరానికి పాలిథిన్ కవరూ దొరకదు, లడ్డూల సంచి ఈ పనికి అసలే ఆగదు.

తాత్పర్యం: నాన్నగారూ, రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్నచోట పక్కకు తీసి ఆపండి. ఫోను తీసుకోండి. అమ్మమ్మగారిని ఒక పక్కకు జరగమని, ముందు అద్దంలోంచి రోడ్డు కనబడేలా అబ్బాయిని మధ్యలో కూర్చోబెట్టండి. ఇడ్లీల లెక్క ఇంటికెళ్ళాక కూడా ఎత్తకండి.